గోడ మింగిన ఎనిమిది నిమిషాలు

ఈరోజు సూర్యుడు కనబడిన క్షణాన్నీ, సాయంత్రం కనుమరుగైన క్షణాన్నీ గడియారం చూసి కాగితం మీద రాసుకున్నాను. మెక్సికోలోని కాలిఫోర్నియా సింధుశాఖలో, ఆక్టోపస్‌కు దగ్గరి బంధువులైన హంబోల్ట్ స్క్విడ్‌ల రెక్కలకు ఎలక్ట్రానిక్ ట్యాగులు తగిలించి వాటి రాకపోకలను గమనించిన జీవశాస్త్రవేత్త విలియం గిల్లీ బృందం 2006లో ప్రచురించిన పరిశోధన గురించి నిన్న రాత్రి చదివాను. నీటి లోపలి పరికరానికి తానెక్కడుందో ఎలా తెలుస్తుందన్న ప్రశ్న అప్పటి నుంచి నన్ను వదలలేదు.

రేడియో తరంగాలు సముద్రపు నీటిలో ఎంతో దూరం పోలేవు. అందుకే ట్యాగు లోతునూ ఉష్ణోగ్రతనూ వెలుతురునూ తనలోనే నమోదు చేసుకుంటూ ఉండి, ముందే నిర్ణయించిన రోజున స్క్విడ్ నుంచి ఊడి పైకి తేలి, అప్పుడు ఉపగ్రహానికి సారాంశం పంపుతుంది. స్థానం మాత్రం వెలుతురు నుంచే లెక్కగట్టాలి: పగటి నిడివి అక్షాంశాన్ని చెబుతుంది, ఉదయాస్తమయాల నడిమి క్షణం రేఖాంశాన్ని చెబుతుంది.

నా లెక్క మొదటి రోజే తప్పింది. ఫోను చూపిన అస్తమయ సమయం కంటే 8 నిమిషాల ముందే పక్క భవనపు గోడ సూర్యుణ్ణి దాచేసింది. దానివల్ల నడిమి క్షణం 4 నిమిషాలు వెనక్కి జరిగింది. 4 నిమిషాలంటే రేఖాంశంలో 1 డిగ్రీ, భూమధ్యరేఖ దగ్గరైతే దాదాపు 111 కిలోమీటర్లు. కదలకుండా కుర్చీలో కూర్చున్న మనిషి అంత దూరం జరిగిపోయాడు!

స్క్విడ్ విషయంలో చిక్కు ఇంకా పెద్దది. అది పగలు ఎక్కువగా 250 మీటర్లకు దిగువన, ఆక్సిజన్ తక్కువగా ఉన్న పొరలో గడిపి, రాత్రి వేటకు పైకి వస్తుంది. సరిగ్గా లెక్కకు కావలసిన ఉదయ సాయంకాలాలలోనే అది దిగడమో ఎక్కడమో చేస్తుంది కాబట్టి, వెలుతురు తగ్గింది సూర్యుడు దిగినందుకా, స్క్విడ్ దిగినందుకా అన్నది తేల్చుకోవాలి. లోతు కొలతతో కొంత సరిదిద్దవచ్చు గాని, నిక్కచ్చిగా తెలిసేవి రెండు చోట్లే: దాన్ని వదిలిన చోటు, ట్యాగు తేలిన చోటు. 2 మీటర్ల దాకా పెరిగే ఈ జీవి ఆయుష్షు సుమారు ఏడాది, రెండేళ్లే కనుక, ఆ రెండు చోట్ల మధ్య కొన్ని వారాలు గడిచినా దాని జీవితంలో అది చిన్న భాగం కాదు.

రేపు మబ్బు లేకపోతే మేడ మీదికెక్కి, గోడ అడ్డులేని చోట నిలబడి మళ్లీ రాసుకోవాలి.