కుక్కర్ మెకానిక్ ఇంట్లో స్వీడన్ ఖీమా ఉండలు

నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర ఒక సందులో ఇరవై ఆరేళ్లుగా కుక్కర్లు, మిక్సీలు, గ్యాస్ స్టవ్‌లు బాగుచేస్తున్నాను. కుక్కర్ పట్టుకొని వచ్చిన ప్రతి ఒక్కరికీ నేను చెప్పేవి మూడే మాటలు. నిండా నింపకండి. పాలు పోసి మూత పెట్టకండి. ఆవిరి పోకముందే విజిల్ ఎత్తకండి. మొన్న ఆదివారం ఈ మూడింటిలో రెండు నేనే తప్పాను. అదీ మా బిడ్డ ముందు.

బిడ్డ రెండేళ్ల కింద ఎమ్మెస్ చదవడానికి స్వీడన్ పోయింది. కార్ల్‌స్క్రోనా అని సముద్రం ఒడ్డున చిన్న ఊరు, అక్కడి బ్లెకింగె యూనివర్సిటీలో. మన హైదరాబాద్ జేఎన్‌టీయూ పిల్లలకు ఆ ఊరు కొత్తేం కాదు. పోయేటప్పుడు సూట్‌కేసులో మూడు లీటర్ల కుక్కర్ నేనే సర్ది ఇచ్చాను, దాని కడుపులో పప్పు ప్యాకెట్లు కుక్కి. హాస్టల్లో ఆరుగురికీ కలిపి ఒకటే వంటగదట. మొదటి రోజు పప్పు పెడితే, విజిల్ కూతకు పక్క గదుల పిల్లలు ఏదో అలారం మోగిందనుకొని చెప్పులు కూడా లేకుండా బయటికి ఉరికారట. తర్వాత వాళ్లే దోస్తులయ్యారు. వాళ్లలో ఒక పిల్ల మా బిడ్డకు వాళ్ల ఇంటి వంట నేర్పింది. షెట్‌బుల్లార్. షెట్ అంటే మాంసం, బుల్లార్ అంటే ఉండలు. మనం ఖీమా ఉండలు అనుకుంటే సరిపోతుంది.

ఇంతకుముందు నేను వాటిని ఒకసారి తిన్నాను. 2018 ఆగస్టులో హైటెక్ సిటీలో ఐకియా తెరిచారు కదా, జనం తగ్గాక ఒక రోజు అందరం పోయాం. కుర్చీ కూడా కొనలేదు కానీ ఉండలు మాత్రం తిని వచ్చాం. అక్కడ పెట్టేవి చికెన్‌వి. స్వీడన్‌లో మాత్రం ఎక్కువగా గొడ్డు మాంసం, పంది మాంసం కలిపిన ఖీమాతో చేస్తారట. మా ఇంట్లో ఆ రెండూ రావు. కాబట్టి యాట మాంసమే.

బిడ్డ వచ్చింది ఆషాఢంలో. శ్రావణం వస్తే మా ఇంట్లో నీసు బంద్. ఉన్నది ఒక్క ఆదివారమే. పొద్దున ఏడింటికి దుకాణానికి పోయి కిలో ఖీమా కొట్టించాను. కత్తితో కొట్టిన ఖీమా కూరకు బాగుంటుంది, ఉండకు నిలవదు. అందుకే మిషన్‌లో రెండుసార్లు వేయమన్నాను. ఆ అబ్బాయి నన్ను అదోలా చూశాడు, పండ్లు లేని ముసలోళ్లకా అన్నట్టు.

అసలు దినుసు మసాలాలో ఉంది. వాళ్లు ఆల్‌స్పైస్ అని ఒకటి వేస్తారు. పేరు వింటే గరం మసాలాలా అన్నీ కలిపిన పొడి అనుకుంటాం. కాదు, అది ఒకే చెట్టు కాయ, వెస్టిండీస్ దిక్కుది. ఎండబెడితే పెద్ద మిరియం గింజలా ఉంటుంది. కిరాణా షాపులో అడిగితే కబాబ్ చీనీ అని పొట్లం కట్టి ఇచ్చారు. ఇంటికి తెచ్చి చూస్తే ఒక్కో గింజకు సన్నటి తోక. అవి తోకమిరియాలు, మందుల్లో వేసేవి. మా అమ్మ ఒకటి నోట్లో వేసుకొని, ‘గొంతుకు మంచిదిరా’ అని పొట్లం తన సంచిలో దాచుకుంది. చివరికి మూడు లవంగాలు, చిన్న దాల్చిన చెక్క ముక్క, కొంచెం జాజికాయ కలిపి దంచాం. వాసన దాదాపు అదేనని బిడ్డ ఒప్పుకుంది.

ఇక నా ఘనకార్యం. సగం ఖీమా కలిపి ఉండలు చేశారు తల్లీబిడ్డలు. ‘వీటిని పెనం మీద వేయించి, మీగడ పులుసులో ఉడికిస్తాం డాడీ, నలభై నిమిషాలు’ అంది బిడ్డ. నేను ఊరుకోవచ్చు కదా. కుక్కర్ ఉన్న ఇంట్లో నలభై నిమిషాలేందని పచ్చి ఉండలు నేరుగా కుక్కర్లో వేసి, పాలు, మీగడ పోసి మూత బిగించాను. మా ఆవిడ అన్నది, ‘పాలు పోయొద్దని ఊరందరికీ చెప్తవు కదయ్యా’ అని. సగానికి తక్కువే ఉంది, ఏం కాదులే అన్నాను.

విజిల్ రాలేదు. సన్నగా బుస్సుమన్న చప్పుడు, అది కూడా ఆగి ఆగి. నా చెవికి ఆ చప్పుడు తెలుసు. పాలు పొంగి నురుగు పైకెక్కింది, ఆవిరి పోయే బెజ్జం దగ్గర అడ్డం పడుతోంది. స్టవ్ ఆర్పేలోపే వెయిట్ కింద నుంచి తెల్లటి చిమ్ము ఒకటి లేచి గోడ మీది క్యాలెండర్ దాకా కొట్టింది. అప్పుడు కంగారులో ఇంకో తప్పు చేశాను. గంటె కాడతో వెయిట్ ఎత్తేశాను.

తెరిచి చూస్తే పాలు విరిగి పన్నీరు తుంపరలు. అడుగున మాడిన చెక్క. ఉండలు ఒక్కటీ ఉండలా లేదు, పేలాల్లా విచ్చుకున్నాయి. ఎందుకో నాకు బాగానే తెలుసు. కుక్కర్లో ఒత్తిడి వల్ల నీళ్లు నూరు డిగ్రీలకు కాక దాదాపు 120 డిగ్రీలకు మరుగుతాయి. ఉండ లోపలి నీళ్లు కూడా ఆ వేడిలోనే ఉంటాయి. వెయిట్ ఎత్తగానే ఒత్తిడి ఒక్కసారి పడిపోతుంది, ఆ నీళ్లన్నీ ఒకే క్షణంలో ఆవిరై ఉండను చీల్చుకొని బయటికి వస్తాయి. పప్పుకైతే ఫరవాలేదు, విరిగితేనే మంచిది. ఉండకు అదే చావు.

బిడ్డ ఏమీ అనలేదు. ఫోన్ తీసి ఫోటో కొట్టుకుంది, అంతే. మా ఆవిడ ఆ ముక్కలను నీళ్లతో కడిగి, అల్లం ఎల్లిగడ్డ, కారం, ధనియాల పొడి వేసి ఖీమా కూర చేసేసింది. అది బాగానే కుదిరింది, ఆ సంగతి వేరు.

మిగిలిన అరకిలోతో మళ్లీ మొదలుపెట్టాం. ఈసారి బిడ్డ చెప్పింది చెప్పినట్టు విన్నాను, కుక్కర్ దగ్గర మాత్రం నా మాట నడిచింది. రెండు బ్రెడ్ ముక్కల అంచులు తీసి అర గ్లాసు పాలల్లో నానబెట్టి చిదిమాం. ఈ నానిన బ్రెడ్డే కీలకం. మాంసం వేడికి ముడుచుకొని రబ్బరులా కాకుండా మధ్యలో అడ్డం ఉండి తడిని పట్టి ఉంచుతుంది. ఒక ఉల్లిగడ్డ చాలా సన్నగా తరిగి వెన్నలో మగ్గించి చల్లార్చాలి, పచ్చిది వేస్తే ఉండ పగులుతుంది. ఒక గుడ్డు, ఉప్పు, తెల్ల మిరియాల పొడి, దంచిన మసాలా పావు చెంచా. ఉప్పు వేశాక చేత్తో బాగా పిసకాలి. కొంచెం సేపటికి ఖీమా వేళ్లకు అంటుకోవడం మొదలవుతుంది, అప్పుడు ఆపాలి. చెయ్యి తడి చేసుకుంటూ పెద్ద ఉసిరికాయంత ఉండలు చుడితే ముప్పై దాకా అయ్యాయి.

తర్వాత వేయించడం. ఇక్కడే నేను మొదటిసారి తెలివి చూపించబోయి బోర్లా పడ్డాను. కుక్కర్ దేన్నైనా మెత్తబరుస్తుంది కానీ దేన్నీ ఎర్రగా కాల్చలేదు. మాంసానికి ఆ గోధుమ రంగు, ఆ కాలిన కమ్మదనం రావాలంటే పైతోలు 140 డిగ్రీలు దాటాలి, పైగా పొడిగా ఉండాలి. మూత పెట్టిన కుక్కర్లో అంతా తడే, వేడి 120 దగ్గరే ఆగిపోతుంది. ఎన్ని విజిళ్లు వచ్చినా ఉండ తెల్లగా, ఉడికిన గుడ్డులానే ఉంటుంది. కాబట్టి ముందు మూత లేకుండా, అదే కుక్కర్ అడుగున వెన్న, ఒక చెంచా నూనె వేసి పదేసి ఉండల చొప్పున దొర్లించి దొర్లించి వేయించాం. వెన్న ఒక్కటే అయితే మాడుతుంది.

ఉండలు పళ్లెంలోకి తీశాక అడుగున గోధుమ రంగు పేరుకొని ఉంటుంది. దాన్ని కడిగి పారేయకండి, రుచంతా అందులోనే ఉంది. ఒక గ్లాసు నీళ్లు పోసి చెక్క గరిటెతో గీకితే అంతా నీళ్లలో కలిసిపోతుంది. అడుగు అంటుకొని ఉండగా మూత పెడితే మళ్లీ మాడుతుంది, అందుకోసమూ గీకాలి. ఉండలు తిరిగి వేసి, వాటి మీద స్టాండు, స్టాండు మీద డబ్బాలో సగం సగం కోసిన ఆలుగడ్డలు. మూత. ఒక విజిల్ రాగానే మంట పూర్తిగా తగ్గించి ఆరు నిమిషాలు. ఆపి, ముట్టుకోకుండా పక్కన పెట్టడం. ఆవిరి దానంతటదే దిగడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ బిడ్డ నా చేతుల దిక్కే చూస్తూ కూర్చుంది.

ఆ ఖాళీలో ఒక్క మాట రాసుకుంటాను, మీరు కుక్కర్ వాడేవాళ్లయితే చదవండి. మూత మీద చిన్న సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. దాని లోపల తక్కువ వేడికే కరిగే లోహం నింపి ఉంటుంది. నీళ్లు ఇగిరిపోయి వేడి హద్దు దాటితే అది కరిగి ఆవిరికి దారి ఇస్తుంది. మాటిమాటికీ పోతోందని, ఆ బెజ్జంలో నట్టూ బోల్టూ బిగించుకొని వచ్చేవాళ్లను నేను ఏడాదికి ఇద్దరు ముగ్గురిని చూస్తాను. వాల్వ్ పోతోందంటే తప్పు వాల్వ్‌ది కాదు, నీళ్లు చాలడం లేదు, లేదా పైబెజ్జం మూసుకుపోయింది. 1679లో డెనీ పాపాన్ అనే ఫ్రాన్స్ దేశపాయన ఎముకలను మెత్తగా ఉడికించే మూతగిన్నె చేశాడు, దానికి సేఫ్టీ వాల్వ్ ఆలోచన కూడా ఆయనదే. మూడొందల ఏళ్ల కింద ఆయనకు తోచింది, మనం బోల్టు పెట్టి మూస్తున్నాం. అటువంటి కుక్కర్ నేను పైసలిచ్చినా బాగుచేయను, ముందు బోల్టు ఊడపీకుతాను.

మూత తెరిచాం. ముప్పైకి ముప్పై గుండ్రంగా ఉన్నాయి. ఉండలు తీసేసి, మిగిలిన రసంలో వెన్నలో వేయించిన రెండు చెంచాల మైదా కలిపి చిక్కబడ్డాక, మంట సన్నం చేసి అప్పుడు మీగడ పోశాం. ఒక చెంచా సోయా సాస్ కూడా, స్వీడన్ వాళ్లు రంగు కోసం వేస్తారట. ఆలుగడ్డలు పాలు, వెన్న వేసి మెదిపాం. కీర దోసకాయ చక్రాలు చక్కెర, వెనిగర్‌లో ఊరవేసింది బిడ్డ.

పక్కన లింగన్‌బెర్రీ జామ్ ఉండాలి. ఎర్రటి చిన్న పుల్లటి పండ్లు, అక్కడి అడవుల్లో కాస్తాయి. మా ఆవిడ వెంటనే, ‘వాక్కాయ లేదా?’ అంది. ఈ సీజన్‌లో బుట్టల్లో పెట్టుకొని అమ్ముతారు, మేం పప్పులో వేసుకుంటాం. పావుకిలో తెచ్చి, చేతులకు నూనె రాసుకొని సగానికి కోసి గింజలు తీసింది. నూనె రాయకపోతే దాని పాలు వేళ్లకు బంకలా పట్టి రెండు రోజులు వదలదు. సమానంగా చక్కెర వేసి ఉడికిస్తే ముదురు ఎరుపు. బిడ్డ చెంచాతో నాకి చూసి, దీనికే ఎక్కువ పులుపుంది, ఇదే బాగుంది అంది. ఆ రోజు మొత్తంలో మా ఆవిడ మొహం వెలిగింది అప్పుడే.

తినేటప్పుడు బిడ్డ ఒక కథ చెప్పింది. స్వీడన్ రాజు పన్నెండో చార్లెస్ 1709లో పోల్తావా దగ్గర రష్యా చేతిలో ఓడి టర్కీ సుల్తాన్ రాజ్యంలో తలదాచుకున్నాడు, 1714 దాకా అక్కడే. ఈ ఉండల పద్ధతి ఆయనే టర్కీ నుంచి తెచ్చాడని 2018లో స్వీడన్ దేశం ట్విట్టర్ ఖాతాలోనే పెట్టారట. అక్కడివాళ్లు చాలామంది గుండెలు బాదుకున్నారట. అంత గట్టి రుజువేం లేదని అనేవాళ్లూ ఉన్నారు. నాకైతే నమ్మబుద్ధి అయింది. మన కోఫ్తా మాట పారసీ నుంచి వచ్చింది, టర్కీ వాళ్లు కొఫ్తె అంటారు. రాజు ఉత్తరానికి తీసుకుపోతే ఒకటి మీగడలో పడింది, నిజాం దిక్కు వచ్చింది కారంలో పడింది.

మా అమ్మకు ఇవేవీ పట్టలేదు. నాలుగు ఉండలు, కొంచెం ఆలుగడ్డ ముద్ద తిని, ‘మెత్తగ మంచిగనే ఉన్నయి బిడ్డా, కని బాలింతకు పెట్టే తిండి లెక్క ఉంది’ అంది. జామ్ మాత్రం రెండుసార్లు వేయించుకుంది. రాత్రికి పది ఉండలు మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టాం.

పొద్దున చూస్తే గిన్నెలో మూడే ఉన్నాయి. అమ్మ జొన్న రొట్టెలో ఉండలు చిదిమి, పైన ఎల్లిపాయ కారం చల్లుకొని, వాకిట్లో కూర్చొని తింటోంది. బిడ్డ ఫోన్ తీసింది. ‘ఫోటో తర్వాత తీద్దువు గని, ఆ మూడు కూడ ఇటు తే పో’ అంది అమ్మ.