ఆడించే బీట్ మీద ఆగని దుఃఖం

నేను పెళ్లిళ్లకి, సంగీత్‌లకి సౌండ్ పెడతాను. డ్యాన్స్ ఫ్లోర్ మీద జనానికి మాటలు పట్టవు, కిక్ డ్రమ్, అంటే బీట్‌లో ధన్‌మని పడే ఆ దెబ్బ, ఒక్కటే పడుతుంది. రోజూ చూస్తుంటాను. అమెరికన్ ర్యాపర్ విన్స్ స్టేపుల్స్ 2017లో తెచ్చిన ‘బిగ్ ఫిష్ థియరీ’ ఆల్బమ్ నన్ను ఇంతగా పట్టుకోవడానికి కారణం అదే. ఆయన ఆ సంగతి బాగా తెలిసే ఈ ఆల్బమ్ చేశాడని నా నమ్మకం.

విన్స్‌ది కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్. 2015 నాటి ఆల్బమ్‌లో చెప్పింది తను పెరిగిన వీధుల కథ. ఇందులో ఆ కుర్రాడికి పేరొచ్చింది, డబ్బొచ్చింది. ఇప్పుడు గాజు తొట్టిలో చేపలా ఉన్నాడు, చుట్టూ అందరూ చూస్తున్నారు. పన్నెండు ట్రాకులు, దాదాపు 36 నిమిషాలు, తిరిగి తిరిగి అక్కడికే వస్తాయి.

మొదటి పాట పేరులోనే బుట్టలో పీతలున్నాయి. మనమూ చెప్పుకునే కథే: ఒకటి పైకి పాకితే మిగతావి లాగేస్తాయి. దాని కింద గరాజ్ అనే లండన్ క్లబ్ సంగీతం బీట్ వేశారు. హౌస్ అనే డ్యాన్స్ మ్యూజిక్‌లో నాలుగు దెబ్బలకీ కిక్ పడుతుంది. గరాజ్‌లో చాలాసార్లు రెండోది, నాలుగోది ఎగరగొట్టేస్తారు. అడుగు వేయబోయిన చోట ఖాళీ తగులుతుంది. విన్స్ ముక్కలు ముక్కలుగా పలికే మాటలు ఆ ఖాళీల్లో సరిగ్గా కూర్చుంటాయి.

ర్యాపర్‌కి ఈ క్లబ్ మ్యూజిక్ ఎందుకు అనేవాళ్లున్నారు. నాకు ఆ మాట అస్సలు నచ్చదు. షికాగోలో హౌస్‌ని నిలబెట్టింది ఫ్రాంకీ నకల్స్ లాంటి నల్లజాతి డీజేలు. డెట్రాయిట్‌లో టెక్నో అనే మరో క్లబ్ సంగీతానికి దారి వేసినవాళ్లు హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్. జంగిల్ బ్రదర్స్ అనే ర్యాప్ బృందం వాళ్లు 1988లోనే హౌస్ మీద ర్యాప్ చేశారు. ఇదంతా నల్లజాతి వాళ్ల సొంత సంగీతమే.

టైటిల్ పాటలో జూసీ జే అనే ర్యాపర్ రాత్రంతా నోట్లు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. ఆ వెంటనే వచ్చే ఇంటర్‌లూడ్‌లో, అంటే పాటల మధ్య వచ్చే చిన్న ముక్కలో, ఏమీ మిగలనట్టు అంతా పలచబడిపోతుంది, ఒక ఇంటర్వ్యూలోని బ్రిటిష్ గాయని ఎమీ వైన్‌హౌస్ గొంతు వినిపిస్తుంది. 27 ఏళ్లకే వెళ్లిపోయిన మనిషి. పేరు మనిషిని ఏం చేస్తుందో చెప్పడానికి విన్స్ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టాడు.

‘యే రైట్’ పాటకి సంగీతం చేసింది సోఫీ, ఫ్లూమ్ అనే ఇద్దరు ఎలక్ట్రానిక్ సంగీతకారులు. సోఫీ రికార్డ్ చేసిన శబ్దాల మీద ఆధారపడకుండా సింథసైజర్‌లోనే లోహాన్ని, రబ్బరుని పుట్టించేది. ఇందులో బేస్ ఇనప రేకుని వంచుతున్నట్టు వణుకుతుంది. నా సిస్టమ్‌లో ఆ పాట పెడితే సబ్ (లోతైన బేస్ పలికే స్పీకర్) లెవెల్ తగ్గించక తప్పదు. మధ్యలో కుచ్కా అనే గాయని సన్నటి గొంతుతో పాడుతుంది, తర్వాత ర్యాపర్ కెండ్రిక్ లమార్ విరుచుకుపడతాడు. సోఫీ 2021 జనవరిలో ఏథెన్స్‌లో ప్రమాదవశాత్తు పడి చనిపోయింది. ఇంకెన్ని శబ్దాలు పుట్టించేదో.

ఇక ‘పార్టీ పీపుల్’. మీరు ఆడుతుంటే చూడాలనుంది అంటూనే, చుట్టూ చావూ విధ్వంసమే కనిపిస్తుంటే నేనెలా సరదాగా ఉండాలి అని అడుగుతాడు. ఒకసారి ఫంక్షన్ హాల్లో పెద్దవాళ్లంతా వెళ్లి కజిన్స్ బ్యాచ్ మిగిలాక ఈ పాట వేశాను. అందరూ చెమటలు పట్టేలా ఆడారు. ఒక అమ్మాయి మాత్రం కన్సోల్ దగ్గరికొచ్చి, “అన్నా, ఏమంటున్నాడు వీడు?” అంది. చెప్పాను. “మళ్లీ వెయ్యవా” అంది.

ఫోన్ స్పీకర్‌లో మాత్రం ఈ ఆల్బమ్‌ని వినకండి. ‘745’ అనే పాట బీఎండబ్ల్యూ కారు గురించి, చేసింది డెట్రాయిట్‌కి చెందిన జిమ్మీ ఎడ్గర్. పాటంతా బేస్‌లోనే ఉంది, ఫోన్‌లో అది వినిపించదు. మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, షఫుల్ ఆపేయండి.