ఎయిర్ గ్రైండర్ పట్టుకునే తమ్ముళ్లకి

సోంపేట, కవిటి, కంచిలి వైపు నుంచి సౌదీలోని జుబైల్‌కి షట్‌డౌన్ పనికి, అంటే ప్లాంటు ఆపి చేసే రిపేర్లకి వచ్చే మన కుర్రాళ్లకి కరెంటంటే ఉన్న భయంలో సగం కూడా టూల్స్ నడిపే కంప్రెసర్ గాలంటే ఉండదు. వైరు తెగి కనిపిస్తే దూరంగా తిరిగి వెళ్తారు, అదే ఎయిర్ హోస్ కప్లింగ్ (గాలి గొట్టాల్ని కలిపే జాయింటు) దగ్గర బుస్సుమని లీకవుతుంటే దాని మీదనుంచే దాటుకుని వెళ్లిపోతారు. ట్రేడ్ టెస్టులో వెల్డింగ్ జాయింటు చూశారు, గ్రైండింగ్ చూశారు, హోస్ ఎలా కలుపుతావని మాత్రం నన్నెవరూ అడగలేదు. మిమ్మల్నీ అడిగి ఉండరు.

ట్యాంకుల్లోకి, వెస్సెల్ అనే పెద్ద మూసిన ఇనుప పాత్ర లోపలికి ఎయిర్ టూల్సే ఎక్కువ ఇస్తారు, షాక్ కొట్టవని. అంతమాత్రాన నిప్పు రాదనుకోవద్దు, డిస్క్ ఇనుముకి తగిలితే రవ్వలు ఎగరక మానవు, నిప్పు పనికి ఇచ్చే అనుమతి కాగితం, హాట్ వర్క్ పర్మిట్, దీనికీ కావాల్సిందే. డిస్క్ మీద రాసిన ఆర్‌పీఎం మిషన్ ఆర్‌పీఎం కంటే తక్కువ ఉంటే అది తిరుగుతూ తిరుగుతూ పగిలి మొహం మీదికి వస్తుంది. గార్డు అడ్డమొస్తోందని ఊడదీసేవాళ్లు, చెయ్యి నొప్పని లివర్‌కి టేపు చుట్టేసేవాళ్లు ప్రతి షట్‌డౌన్‌లోనూ ఉంటారు. చెయ్యి వదలగానే మిషన్ ఆగడానికే ఆ లివర్ పెట్టారు, టేపు చుట్టాక ఇంక ఆపేదెవరు?

లైనులో గాలి ప్రెషర్ మామూలుగా 90, 100 పీఎస్ఐ ఉంటుంది, అంటే కారు టైరులో కొట్టించేదానికి మూడు రెట్లు. జాక్‌హామర్‌కి పెట్టే లావు హోస్ కప్లింగ్ ఊడితే ఆ ఇనుప ముక్క గాల్లో ఎటు కొడుతుందో ఎవరూ చెప్పలేరు, కాలు విరుగుతుంది, తల పగులుతుంది. అందుకే కప్లింగ్‌కి పిన్నులు, అటూ ఇటూ హోస్‌లని కలిపి పట్టుకునే విప్ చెక్ అనే ఉక్కు తాడు ఉండాలి. సైట్లో చూస్తే పిన్ను స్థానంలో వెల్డింగ్ రాడ్ ముక్క, విప్ చెక్ స్థానంలో బైండింగ్ వైరు! ఊడి కొట్టుకుంటున్న హోస్‌ని కాలితో తొక్కి ఆపుదామని చూడకండి, దూరంగా జరిగి మెయిన్ వాల్వ్ కట్టండి. పనయ్యాక కూడా వాల్వ్ కట్టి, లివర్ నొక్కి లోపలి గాలంతా పోయాకే టూల్ విప్పాలి. హోస్ మడిచి పట్టుకుని విప్పడం సీనియర్లు నేర్పే చెడ్డ అలవాటు, వాళ్లు అన్నలే అయినా సరే.

ఇప్పుడు అసలు విషయం. ప్లాంటులో యుటిలిటీ స్టేషన్ దగ్గర గాలి, నీళ్లు, స్టీమ్, నైట్రోజన్ పైపులు పక్కపక్కనే ఉంటాయి. గాలి ప్రెషర్ తగ్గినప్పుడు నైట్రోజన్‌కి తగిలిస్తే గ్రైండర్ శుభ్రంగా తిరుగుతుంది, తేడా ఏమీ తెలియదు. కానీ టూల్‌లోంచి బయటికొచ్చే ఎగ్జాస్ట్ అంతా నైట్రోజనే. మూసిన వెస్సెల్‌లో అది నిండే కొద్దీ ఆక్సిజన్ తగ్గిపోతుంది. మామూలు గాలిలో 20.9 శాతం ఉంటుంది, 19.5 కంటే దిగిందంటే ఇక లోపల ఉండకూడదు. వాసన ఉండదు, దగ్గు రాదు, ఊపిరాడనట్టు కూడా అనిపించదు, మనిషి నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోతాడు, వాణ్ణి లాగుదామని పరిగెత్తి దిగినవాడూ పోతాడు. మా షిఫ్టులో ఒకసారి ఒక హెల్పర్ నైట్రోజన్ పైపుకి కప్లింగ్ సరిపోవట్లేదని అడాప్టర్ వెతుకుతుంటే మా ఫిలిప్పీన్స్ హోల్ వాచ్ (వెస్సెల్ బయట నిలబడి లోపలివాళ్లని కనిపెట్టుకునే మనిషి) అరిచి ఆపాడు. కప్లింగ్ సరిపోకుండా చేసిందే గాలి హోస్ నైట్రోజన్‌కి తగిలించకూడదని. సరిపోలేదంటే అడాప్టర్ కోసం కాదు, సేఫ్టీవాడి కోసం వెతకండి. ఇక ఆక్సిజన్ సిలిండర్‌తో టూల్ నడిపే ఆలోచన కలలో కూడా వద్దు, టూల్‌లో నూనె ఉంటుంది, ఆక్సిజన్ తగిలితే పేలుతుంది.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా సౌదీలో మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదన్న రూలు ఉంది. మిగతా టైములో వేడి ఏమైనా తగ్గుతుందా? కవరాల్ చెమటకి తడిసి ముద్దవుతుంది, అప్పుడే హోస్ తీసి మెడ కింద, చొక్కాలోకి గాలి పెట్టుకోవాలనిపిస్తుంది. హాయిగానే ఉంటుంది, కాదనను. అయితే చర్మం మీద చిన్న గాయం ఉన్నా గాలి లోపలికి దూరుతుంది, కంట్లో ఇనుప రజను పడితే కన్నే పోతుంది, చెవిపొర చిరుగుతుంది. సరదాకి పక్కవాడి వెనకాల పెట్టి కొట్టడం వల్ల పేగులు చిరిగి మనుషులు చచ్చిపోయిన కేసులు మన దేశం ఫ్యాక్టరీల్లోనే ఉన్నాయి. నవ్వుకునే సంగతి కాదది.

చేతుల సంగతి ఎవరూ మాట్లాడరు. నీడిల్ గన్, చిప్పింగ్ హామర్ పట్టుకుని రోజంతా తుప్పు కొడితే రాత్రి రూములో ఫోన్ పట్టుకున్నా వేళ్లు జివ్వుమంటాయి. కొన్నాళ్లకి చలిలో వేళ్ల చివర్లు తెల్లబడతాయి, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది, అంతదాకా వస్తే మళ్లీ మామూలు కావడం చాలా కష్టం. బ్రిటన్‌లో అయితే మనిషి చేతికి రోజుకి ఎంత వైబ్రేషన్ దాటకూడదో 2005 నుంచి చట్టంలోనే ఉంది. మన దగ్గర ఫోర్‌మన్ దయ. టూల్‌ని గట్టిగా బిగించి పట్టుకోకండి, బరువంతా దాని మీద వేయకండి, మొద్దుబారిన చిజెల్ మార్చమని అడగండి, జతగాడితో మార్చుకుంటూ కొట్టండి. చెవిలో ప్లగ్గులు ఎలాగూ తప్పవు.

తిమ్మిర్లున్నాయని చెబితే ఫైనల్ ఎగ్జిట్ కొట్టి, అంటే ఉద్యోగం ముగించి, ఇంటికి పంపేస్తారేమో అని దాచుకుంటాం, ఏజెంటుకి కట్టిన అప్పు తీరకుండా ఎవడు చెప్పుకుంటాడు. అయినా క్యాంపు క్లినిక్‌కి వెళ్లి చీటీ మీద రాయించుకోండి. పనిలో దెబ్బలకీ, పని వల్ల వచ్చే జబ్బులకీ గోసీ అనే సర్కారు బీమా మనలాంటి బయటివాళ్లకి కూడా ఉంది, దానికి జీతంలో 2 శాతం చొప్పున కంపెనీయే కట్టాలి, మన దగ్గర కోయకూడదు. చీటీ లేకుండా ఏ క్లెయిమూ కదలదు. ఫోటో తీసి ఇంటికి కూడా ఒకటి పంపి ఉంచండి, ఫోన్లు ఇక్కడ ఇసకకీ వేడికీ ఊరికే పోతుంటాయి.