రంగంలో సిటీ బస్సు

మా ఊళ్లో ముసలివాళ్లు రంగూన్‌ను 'రంగం' అనేవాళ్లు. వాళ్లు ఓడెక్కి వెళ్లిన ఊరికి నేను 2016లో విమానంలో వెళ్లాను, ఒక మందుల కంపెనీలో అకౌంట్స్ పనికి. గది హ్లేడాన్‌లో, ఆఫీసు సూలే పగోడా దగ్గర. బర్మా రాజకీయం నాకు తెలిసిందంతా ఆ రెండింటి మధ్య బస్సులోనే.

మొదట్లో ఆ బస్సులంటే టెన్షన్. ఎంతమందిని ఎక్కిస్తే అంత డబ్బు కాబట్టి ఒకే రూటు బళ్లు పందేలు వేసుకునేవి. కండక్టర్ని అక్కడ 'సపెయా' అంటారు. తలుపుకు వేలాడుతూ "హ్లేడాన్ పాలా?" అని అరిచేవాడు. దిగేవాళ్లు "పాదే" అనాలి. ఒకరోజు నాకు గొంతు పెగల్లేదు. రెండు స్టాపుల అవతల దిగి నడుచుకుంటూ వచ్చాను.

2017 జనవరి 16 నుంచి వైబీఎస్ (యాంగోన్ బస్ సర్వీస్; రంగూన్‌ను ఇప్పుడు యాంగోన్ అంటారు) అని కొత్త పద్ధతి వచ్చింది. 300కు పైగా ఉన్న రూట్లను బాగా కుదించి, నంబర్లన్నీ మార్చేశారు. మొదటి వారం ఊరంతా నాలాగే దారి తెలియని పరదేశీ అయిపోయింది! మెల్లగా సపెయాలూ పోయారు. అప్పట్లో డ్రైవర్ పక్కన డబ్బాలో 200 క్యాట్‌లు (అక్కడి డబ్బు) వేయాల్సి వచ్చేది, చిల్లర ఇచ్చేవాళ్లు కాదు. నా దగ్గర వెయ్యి నోటే ఉంటే అది డబ్బాలో వేసి అక్కడే నిలబడి, వెనక ఎక్కే నలుగురి దగ్గర 200 చొప్పున తీసుకునేవాణ్ని. కాసేపు నేనే సపెయాని.

ఈ మార్పు తెచ్చింది యాంగోన్ ప్రాంత ముఖ్యమంత్రి ఊ ఫ్యో మిన్ థీన్. 'ఊ' అంటే మన 'గారు' లాంటిదే. 1988 విద్యార్థి ఉద్యమం మనిషి, 15 ఏళ్లు జైల్లో ఉన్నాడు. 2012 ఉపఎన్నికలో గెలిచి, 2016లో ముఖ్యమంత్రి అయ్యాడు. పేరుకు ముఖ్యమంత్రే గానీ నియమించేది దేశాధ్యక్షుడు. ప్రాంతీయ సభలో నాలుగోవంతు సీట్లు సైన్యానివి, భద్రత శాఖ సైనికాధికారిది. 2017లో ఫ్యో మిన్ థీన్, ప్రోటోకాల్ ప్రకారం సర్వసైన్యాధిపతి డైరెక్టర్ జనరల్ (ఒక ప్రభుత్వ శాఖ అధికారి) స్థాయివాడే అన్నాడు. సైన్యం భగ్గుమంది. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఆఫీసు పెద్దాయన రేడియో కట్టేసి తిన్నాడు.

నేను 2020లో ఇంటికొచ్చేశాను. 2021 ఫిబ్రవరి 1న సైనిక తిరుగుబాటు జరిగింది, ఫ్యో మిన్ థీన్‌నూ పట్టుకున్నారు. మార్చిలో ప్రభుత్వ టీవీలో కనబడి, అప్పటిదాకా ప్రభుత్వాన్ని నడిపిన ఆంగ్ సాన్ సూకీకి 6 లక్షల డాలర్లు, బంగారం ఇచ్చానని చెప్పాడు. ఆమె కాదంది. ఆ కేసులోనే 2022లో ఆమెకు 5 ఏళ్ల శిక్ష పడింది. పదిహేనేళ్లు జైలు తట్టుకున్నవాడు ఆ మాట ఎలా చెప్పాడో! నమ్మబుద్ధి కాలేదు, అలాగని తిట్టబుద్ధీ కాలేదు.

పాత ఆఫీసు అక్క ఫోన్ చేసినప్పుడు ఆయన సంగతి అడిగాను. వెంటనే ఏమీ అనలేదు. వెనకాల బస్సు రొద వినిపిస్తోంది.

"వాళ్ల చేతిలో ఉన్న మనిషి, తమ్ముడూ" అంది. ఆ తర్వాత ఫోన్ పక్కకు తిప్పి గట్టిగా "పాదే!" అంది.