బ్రైస్ కాన్యన్‌లో పిల్లలతో: గుడారం, నడక, గుర్రం

అమెరికాలో యూటా రాష్ట్రంలోని బ్రైస్ కాన్యన్ చూడ్డానికి ఎడారే, కానీ లోయ అంచు సముద్రమట్టానికి 2,400 మీటర్ల పైమాటే. జూన్‌లో కూడా రాత్రి వణికిస్తుంది. పిల్లలకు ఉన్ని టోపీ, మందపాటి స్లీపింగ్ బ్యాగ్ తప్పనిసరి.

క్వీన్స్ గార్డెన్, నవాహో లూప్ అనే రెండు కాలిబాటలు కలిపి నడిస్తే సుమారు 5 కిలోమీటర్లు. ఇక్కడ ముందు దిగుడు, చివర ఎక్కుడు. సగం నీళ్లు తాగేశాక అసలు కష్టం మొదలవుతుంది. మనిషికి రోజుకు 4 లీటర్లు లెక్కేసుకోండి. చెమటతో ఉప్పూ పోతుంది కాబట్టి ఉత్త నీళ్లు చాలవు; పొద్దున కలిపిన పులిహోర ఇక్కడ నిజంగా అక్కరకొస్తుంది.

ఇక గుర్రం. జీను బిగించేటప్పుడు కొన్ని గుర్రాలు పొట్ట ఉబ్బిస్తాయి. కాస్త నడిచాక పట్టీ వదులై జీను పక్కకి జారుతుంది. మళ్లీ బిగించమని గైడ్‌ని మొహమాటపడకుండా అడగండి. రికాబులో (జీనుకు వేలాడే, పాదం పెట్టుకునే కడియం) పాదం ముందు భాగమే ఉంచి మడమ కిందికి నొక్కాలి. లోపలికంటా దూర్చితే, పడ్డప్పుడు కాలు ఇరుక్కుంటుంది. దిగుడులో కొంచెం వెనక్కి, ఎక్కుడులో ముందుకి వాలాలి. నిక్కర్లు వద్దు, తొడలు ఒరుసుకుపోతాయి. వయసు, బరువు పరిమితులు బుకింగ్‌కి ముందే చూసుకోండి.

జులై నుంచి సెప్టెంబరు దాకా మధ్యాహ్నాలు పిడుగుల వానలు. నడకైనా సవారీ అయినా పొద్దున్నే ముగించాలి.