మస్కట్‌లో పూట బాడుగకి ఓడ

షిప్పింగ్ ఆఫీసు గుమాస్తాకి ఓడంటే కాగితమే. బిల్ ఆఫ్ లేడింగ్, మేనిఫెస్టు, డెలివరీ ఆర్డరు... వీటితోనే తెల్లారుతుంది, వీటితోనే పొద్దుగూకుతుంది. నేను మస్కట్ వచ్చిన కొత్తలో మా ఆఫీసు కిటికీలోంచి కనీసం మత్రా రేవు క్రేన్లన్నా కనిపించేవి. 2014లో సరుకు ఓడలన్నిటినీ సోహార్‌కి తరలించి, మత్రాని టూరిస్టు ఓడలకి వదిలేశాక ఆ ముచ్చటా తీరిపోయింది. ఇప్పుడు నా ఓడలు రెండొందల కిలోమీటర్ల అవతల లంగరేస్తాయి. వాటి సరుకు నా కంప్యూటర్లో దిగుతుంది.

ఓడ బాడుగకి తీసుకుందామన్న ఆలోచన నాది కాదు, మా బావ భార్యది. బావంటే చుట్టరికం ఏమీ లేదు. వాడిది అమలాపురం, మాది తాళ్లరేవు పక్కన పల్లె. గోదావరికి ఆ ఒడ్డూ ఈ ఒడ్డూ కాబట్టి కలిసిన మొదటి వారంలోనే బావా అంటే బావా అనుకున్నాం. ఈమధ్య వాడి పోస్టు ఒమానీలకి మాత్రమే అని రిజర్వు చేసిన ఉద్యోగాల జాబితాలో పడింది. ఇక వీసా రెన్యువల్ కాదు. దీనికి ఎవరినీ తిట్టడానికి లేదు. వాళ్ల దేశం, వాళ్ల పిల్లల ఉద్యోగాలు. మన ఊళ్లో అయితే ఈ పని ఎప్పుడో చేసేవాళ్లం. కానీ పిల్లల చదువు మధ్యలో ఉండగా చేతికి ఇలాంటి కాగితం వస్తే ఆ ఇంట్లో టెన్షన్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

ఇక్కడ వీడ్కోలుకి ఒక పద్ధతి ఉంది. రూవీలో రెస్టారెంటు పైన హాలు, బిర్యానీ, శాలువా, గ్రూపు ఫోటో, వాట్సాప్‌లో ఏడుపు బొమ్మలు. మేం అదే మాట్లాడుకుంటుంటే చెల్లెమ్మ అడ్డొచ్చింది. "ఆ హాలు వద్దు అన్నయ్యగారూ. ఇన్నేళ్లూ కార్నిష్ రోడ్డు మీద నిలబడి సముద్రాన్ని చూడటమే తప్ప, ఒక్కసారన్నా అందులోకి వెళ్లామా? ఓడల ఆఫీసులో చేస్తున్నారుగా, మీరే చూడండి."

నా ఉద్యోగానికీ ఆ ఓడలకీ సంబంధం లేదని చెబితే ఎవరూ నమ్మలేదు. సరే, కనుక్కున్నాను.

వెళ్లాలనుకునేవాళ్ల కోసం నాకు తెలిసింది చెబుతాను. తలకింత అని టికెట్టు తీసుకునే షేరింగ్ ట్రిప్పులు వేరు, ఓడ మొత్తం మనమే మాట్లాడుకునే ప్రైవేటు బాడుగ వేరు. ప్రైవేటుకి లెక్క ఓడకే, తలలకి కాదు. నలుగురెక్కినా పద్నాలుగు మందెక్కినా అంతే. లైఫ్ జాకెట్లు ఎన్నుంటే అంతమంది. నాలుగు కుటుంబాలు పంచుకుంటే హాలూ బిర్యానీ ఖర్చుకి కొంచెం పైన తేలింది. సగం రోజంటే వాళ్ల లెక్కలో నాలుగు గంటలు. అదనపు గంటకి ఇంత అని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ అక్షరాలు చదవగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే మా ఆఫీసు బతికేదే దాని మీద. కంటెయినర్‌కి ఇన్ని రోజులు ఫ్రీ, దాటితే డెమరేజ్. రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేసి ఆ డెమరేజ్ తగ్గించమని బతిమాలుతుంటారు. ఈసారి ఆ బతిమాలే వంతు నాకొచ్చింది. మనకి లంగరేసిన చోట భోజనాలు అరగంటలో తేలవు సార్, పిల్లలున్నారు, అన్నాను. అవతలి కుర్రాడు అచ్చం నా గొంతుతోనే "చూద్దాం సార్" అన్నాడు.

అసలు అడగాల్సింది ఇంకోటి ఉంది. మస్కట్‌లో సంప్రదాయ ఓడ అని చెప్పేవాటిలో చాలావాటికి తెరచాప ఉండదు. ఉన్నా ఎత్తరు. చెక్కతో ఆ పాత ఆకారంలో కడతారు, మీద పందిరి వేస్తారు, చుట్టూ దిండ్లు పరుస్తారు, కింద డీజిల్ ఇంజను తిరుగుతుంటుంది. అది తప్పని నేననను. అరబ్బు ఓడలకి ఇంజన్లు వచ్చి చాలా కాలమైంది, చేపల వేటకి వెళ్లేవాడు గాలి కోసం కూర్చోలేడు. కానీ మనం డబ్బిచ్చేది తెరచాప చూసి. కాబట్టి తెరచాప ఉందా అని కాకుండా, ఇంజను ఆపి తెరచాప మీద నడుపుతారా అని అడగాలి. ఈ మాటకి మూడు చోట్ల నీళ్లు నమిలారు. నాలుగోచోట ముసలి గొంతు హిందీలో, "గాలి ఉంటే నడుపుతాను. గాలి నాది కాదు" అంది. ఆ ఓడే మాట్లాడుకున్నాం.

ఏ పూట వెళ్లాలన్నది కూడా ఆయనే తేల్చాడు. ఉదయమైతే డాల్ఫిన్లు, మధ్యాహ్నమైతే గాలి. చలికాలం పొద్దున్నే ఇక్కడ నీళ్లు అద్దంలా ఉంటాయి. కొండలు వేడెక్కాక, పన్నెండు దాటాక సముద్రం మీంచి ఒడ్డు వైపు గాలి మొదలవుతుంది. పిల్లలు డాల్ఫిన్లన్నారు, పెద్దవాళ్లం గాలన్నాం. పెద్దవాళ్ల మాటే నెగ్గింది. ఇక్కడ సెలవులు శుక్ర, శనివారాలు. శుక్రవారం జుమ్మా నమాజు ఉంటుంది కాబట్టి శనివారం పెట్టుకున్నాం.

సిదాబ్ దగ్గరి బందర్ అల్ రౌదా మెరీనాలో ఎక్కాం. ముందు చెప్పుల బుట్ట. డెక్కు మీదికి ఒట్టి కాళ్లతోనే ఎక్కాలి. మధ్యాహ్నం ఎండకి ఆ చెక్క కాలుతోంది, అందరం కోడిపుంజుల్లా కాలు మార్చి కాలు వేస్తూ నీడలోకి చేరాం. ముసలి నాఖుదాది, అంటే ఓడ నడిపే పెద్దాయనది, ఒమాన్‌లోనే ఓడలు కట్టే ఊరు సూర్. ఆయన కింద ఇద్దరు: ఒకడు బంగ్లాదేశ్ కుర్రాడు, ఇంకొకాయన కచ్‌లోని మాండ్వీ నుంచి వచ్చిన కలాసీ. మాండ్వీలో ఇప్పటికీ రుక్మావతి నది ఒడ్డున చెక్క ఓడలు కడతారు. ఈయన అక్కడ పనిచేసి, సరుకు ఓడల మీద తిరిగి, చివరికి ఈ టూరిస్టు ఓడ మీద తేలాడు. గల్ఫ్‌లో ఇద్దరు పనివాళ్లు కలిస్తే పేరు తర్వాత అడిగే ప్రశ్న ఒకటే. "ఛుట్టీ ఎప్పుడు?" అని నేనడిగాను. రెండేళ్లకోసారి టికెట్టట. మాది ఆ రోజు ఆయనకి రెండో ట్రిప్పు. మేం పులిహోర పొట్లాలు విప్పే సమయానికి ఆయన పొద్దుటి పార్టీ వదిలిన ప్లాస్టిక్ గ్లాసులు ఏరుతున్నాడు.

వెళ్లేటప్పుడు ఇంజను మీదే వెళ్లాం. మెరీనా దాటితే ఒడ్డంతా నల్లగా, మాడినట్టుండే రాళ్ల కొండలు. మస్కట్ చుట్టూ ఉన్నది భూమి లోపలి పొర నుంచి పైకి తోసుకొచ్చిన రాయి. దక్షిణంగా అల్ బుస్తాన్ హోటల్ దాటి జిస్సా వైపు వెళ్తుంటే హఠాత్తుగా కొండల రంగు మారిపోతుంది. నలుపు పోయి లేత పసుపు సున్నపురాయి మొదలవుతుంది. బందర్ ఖైరాన్ దగ్గర ఆ సున్నపురాళ్ల మధ్య సముద్రం సందుల్లా చొరబడి ఉంటుంది. అలాంటి సందులో లంగరేశారు. నీళ్లలోకి చూస్తే లంగరు గొలుసు అడుగు దాకా కనిపించింది. పిల్లలు దూకారు, బావ దూకాడు, నేను దూకలేదు. కోనసీమ వాడికి ఈత రావడంలో వింతేమీ లేదుగానీ, ఉద్యోగం పోయిన మనిషి అంత కేకలేస్తూ ఈదుతాడని నేననుకోలేదు.

భోజనాలయ్యాక నాఖుదా చిన్న కప్పుల్లో కహ్వా (అరబ్బు కాఫీ), ఖర్జూరాలు ఇప్పించాడు. అల్ బుస్తాన్ రౌండెబౌట్‌లో నిలబెట్టిన ఓడ గురించి అడిగాను. రోజూ దాని పక్కనుంచే ఆఫీసుకి పోతాను. "సోహార్" దాని పేరు. మేకు అన్నది లేకుండా, పలకల్ని కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి 1980లో సూర్‌లోనే కట్టారు. ఆ ఏడాది నవంబరులో మస్కట్‌లో బయల్దేరి, తర్వాతి ఏడు జులైకి చైనాలోని కాంటన్ చేరింది. కలప మలబారు నుంచి, తాళ్లు కుట్టే చేతులు లక్షద్వీప్ నుంచి వచ్చాయట. "మా దగ్గర ఓడకి కావలసిన చెట్టు ఎక్కడుంది? ఖర్జూరపు చెట్టుతో ఓడ కట్టలేం కదా," అని నవ్వాడు ఆయన. అప్పుడాయన కుర్రాడు, రోజూ వెళ్లి చూసేవాడట. వాళ్ల నాన్న చలికాలం ఈశాన్యపు గాలికి ఖర్జూరాలూ ఎండుచేపలూ వేసుకుని జాంజిబార్ వెళ్లేవాడు. నైరుతి గాలి వచ్చేదాకా అక్కడే ఉండి, మడకర్రలు నింపుకుని తిరిగొచ్చేవాడు. ఓడ చెక్కకి సొరచేప నూనె పూసే పని పిల్లలది. ఆ వాసన వారం రోజులు చేతులు వదిలేది కాదట.

"అందరూ తిరిగొచ్చేవారా?" అని చెల్లెమ్మ అడిగింది.

"కొందరు అక్కడే పెళ్లి చేసుకున్నారు," అన్నాడు నాఖుదా. బావ ఏదో అనబోయి, భార్య మొహం చూసి ఆగిపోయాడు.

నాకు మా ఊరి ముసలాళ్లు గుర్తొచ్చారు. మా పక్క కోరంగి రేవు ఒకప్పుడు ఓడలు కట్టిన చోటు. 1839 తుఫాను దాన్ని ముంచేసింది, కానీ ఆ పక్క జనం ఓడెక్కడం మానలేదు. బర్మాలో తెలుగువాళ్లని కోరంగీలనే పిలిచేవారు. నా చిన్నప్పుడు రంగం, అంటే బర్మాలోని రంగూన్, వెళ్లొచ్చినవాళ్లు ఇంకా ఒకరిద్దరు అరుగుల మీద ఉండేవారు. 1942లో జపాను బాంబులకి అడవుల్లో నడిచి వచ్చారని వాళ్ల గురించి చెప్పేవారు. వాళ్లు మాత్రం అది చెప్పేవారు కాదు, రంగంలో జీతం ఎంతో చెప్పేవారు. మనమూ అంతే. ఇంటికి ఫోన్ చేస్తే రియాలు రేటెంతో చెబుతాం.

తిరుగు ప్రయాణంలో గాలి వచ్చింది. జిస్సా మలుపు దాటగానే నాఖుదా చెయ్యెత్తాడు, బంగ్లా కుర్రాడు ఇంజను ఆపాడు. ఆ తెరచాప నిటారు కొయ్యకి కట్టిన గుడ్డ కాదు. దాదాపు మూడు మూలల గుడ్డని పొడవాటి దూలానికి కట్టి, ఆ దూలాన్ని కొయ్య మీదికి ఏటవాలుగా ఎత్తుతారు. ముందు కొస ఓడ ముక్కు దగ్గర కిందికి, వెనక కొస ఆకాశంలోకి. దాన్ని ఎత్తడం ఇద్దరి వల్ల కాదు. మోకు పట్టమని మగాళ్లందరినీ పిలిచారు. కలాసీ ముందు నిలబడి పాటలా ఏదో అంటే ఆ ఊపుకి మేం లాగాలి. మా లాగుడు ఎంత పనికొచ్చిందో ఆయన అరచేతులు చూశాక అర్థమైంది. వేళ్ల మొదట్లో చర్మం గట్టిపడి కొమ్ములా మెరుస్తోంది. మోకు ఆయన పిడికిట్లో జారితే చప్పుడు వస్తోంది, మా చేతుల్లో జారితే తోలు ఊడింది. కప్పీ కిర్రుమంది, దూలం లేచింది, గుడ్డ ఒక్కసారి డబ్బుమని నిండింది. ఓడ ఒక పక్కకి వంగి, ఏ చప్పుడూ లేకుండా పరిగెత్తడం మొదలెట్టింది. పులిహోర గిన్నె జారిపోయి రేలింగుకి తగిలింది. ఎవరూ పట్టించుకోలేదు.

గాలి ఈశాన్యం నుంచి, మేం వాయవ్యంగా. అంటే గాలి పక్కనుంచి తగులుతోంది. ఈ రకం తెరచాపకి అదే సుఖమట. దిక్కు మార్చాలంటే మాత్రం చావే. ముక్కుని గాలికి ఎదురు తిప్పితే ఒప్పుకోదు, తోకని గాలికి చూపిస్తూ చుట్టు తిరగాలి. ఆ దూలాన్ని నిలబెట్టి కొయ్య అవతలి పక్కకి మార్చాలి. ఇద్దరు పనివాళ్లతో, డెక్కు మీద పిల్లలతో ఆ పని చెయ్యనని నాఖుదా ముందే చెప్పాడు. మంచి నిర్ణయం. చుక్కాని ఒక్క నిమిషం బావ చేతికిచ్చాడు. వాడు ఫోటో కోసం తీసుకున్నాడు గానీ, ఫోటో అయిపోయాక కూడా వదల్లేదు.

మెరీనా దాటి ఇంకొంచెం ముందుకి, పాత మస్కట్ దాకా పోనిచ్చాడు. జలాలీ, మిరానీ కోటలు రెండూ రేవుకి రెండు పక్కలా. 1580లలో పోర్చుగీసువాళ్లు కట్టిన రూపం అది. 1650లో ఒమానీలు వాళ్లని తరిమేశారు. మధ్యలో నీలం, బంగారు రంగు స్తంభాల అల్ ఆలం రాజమందిరం. దగ్గరికి పోనివ్వరు, దూరం నుంచే చూడాలి. చుట్టూ రాళ్ల మీద పాత ఓడలవాళ్లు రంగుతో రాసిపోయిన ఓడల పేర్లున్నాయి. శివరాత్రికి మేం క్యూలో నిలబడే మోతీశ్వర్ గుడి ఆ రాజమందిరం దగ్గరే. అది సముద్రానికి ఇంత దగ్గరని ఒడ్డు మీద ఉన్నన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు.

మెరీనాకి చేరేసరికి, ఓడెక్కి నాలుగు గంటలు దాటి ఇరవై నిమిషాలు. లెక్క ప్రకారం అదనపు గంట పడాలి. నేను పర్సు తీశాను, కుర్రాడు రసీదు పుస్తకం తీశాడు. నాఖుదా ఆ పుస్తకం వైపు ఒక చూపు చూశాడు, కుర్రాడు దాన్ని మళ్లీ లోపల పెట్టుకున్నాడు. ఆ డబ్బులో సగం కలాసీ చేతిలో పెట్టాను. ఆయన మొహమాటపడలేదు, లెక్కపెట్టుకుని జేబులో వేసుకున్నాడు. మా ఆఫీసులో ఎవరికైనా డెమరేజ్ మాఫీ చెయ్యాలంటే మూడు సంతకాలు కావాలి.

కార్ల దగ్గర బావ నన్ను పక్కకి లాగాడు. ఏదో మనసులో మాట చెబుతాడనుకున్నా.

"బావా, మన సామాను సీ కార్గోలో వేస్తే విశాఖకి ఎన్నాళ్లు పడుతుంది? ఫ్రిజ్జు కూడా పంపుదామంటోంది ఇది."

"ఫ్రిజ్జు ఇక్కడే అమ్మెయ్," అన్నాను. "దానికయ్యే ఖర్చుతో అక్కడ కొత్తది వస్తుంది."

"అన్నయ్యగారూ, అది మొన్నేగా కొన్నది!" అని కారులోంచి చెల్లెమ్మ కేకేసింది.

ఇంటికెళ్లేదాకా ముందు సీట్లో వాడూ వెనక సీట్లో ఆమే ఫ్రిజ్జు గురించే వాదించుకున్నారు. సోమవారం వాళ్ల ప్యాకింగ్ లిస్టు నా టేబుల్ మీదికొచ్చింది. ఫ్రిజ్జు మొదటి లైనులోనే ఉంది.