ఆ 'టక్' శబ్దం పోయింది

ప్రెస్‌తో (గట్టిగా ఒత్తే యంత్రంతో) తోయగానే కారు పాత బుష్, అంటే కుదుపుల్ని మింగే రబ్బరు తొడుగు, రెండు ముక్కలై బయటికి వచ్చింది. లోపలి ఇనుప గొట్టం వేరు, పగుళ్లు తేలి ఎండిపోయిన రబ్బరు వేరు. ఇన్నాళ్లూ చక్రాన్ని బండికి కలిపే లోయర్ ఆర్మ్‌ని పట్టుకుని ఉన్నది ఇదా అని కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాను.

గతుకు వచ్చినప్పుడల్లా 'టక్', బ్రేక్ వేస్తే బండి ఓ పక్కకి లాగడం. నెలల తరబడి షాక్ అబ్జార్బర్లనే అనుమానించాను. పాపం, అవి బాగానే ఉన్నాయి.

కొత్తవి ఎక్కించాక బోల్టుల చివరి బిగింపు మాత్రం చక్రాలు నేలకి ఆనాకే. బండి జాకీ మీద వేలాడుతుండగా బిగించేస్తే, కిందికి దించగానే రబ్బరు మెలి తిరుగుతుంది. ఇక ఎప్పుడూ ఆ మెలికలోనే ఉండి తొందరగా చిరిగిపోతుంది. ఈ ఒక్క విషయం తెలియక ఎన్ని కొత్త బుష్‌లు పాడవుతున్నాయో!

స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) పైన దాన్ని బండికి బిగించే మౌంట్లు కూడా మార్చాను. స్టీరింగ్ తిప్పితే వచ్చే కిర్రు వాటితోనే పోయింది.

సాయంత్రం మళ్లీ ఆ గతుకుల దారిలోకే తీసుకెళ్లాను. అద్దాలు దించి, పాటలు ఆపేసి, చెవులు రిక్కించి విన్నాను. ఇంజిన్ తప్ప ఇంకేమీ లేదు. ఎంత హాయిగా ఉందో!

రేపు పొద్దున్నే వీల్ అలైన్‌మెంట్ చేయించాలి.